అతిథులతో బ్రతికే ఊరు

స్విట్జర్లండు దేశపు నైఋతి భాగంలో రోన్ నది పుట్టి ప్రవహించే సీమకు వాలిస్ అని పేరు. ఆ లోయలో లాయ్క్ అనే స్టేషనులో రైలు దిగి బస్సు ఎక్కితే, అది మలుపుల దారిన కొండ నెక్కి, అరగంట సేపటిలో లాయ్కర్‌బాడ్ అనే పల్లెలో దించుతుంది. సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున, గోడ కట్టినట్లు లేచిన సున్నపురాతి కొండల నడుమ, దొన్నె అడుగున పెట్టినట్లు ఉంటుంది ఆ ఊరు. శాశ్వతంగా కాపురముండేవారు పదమూడు పదునాలుగు వందల మంది. వారు మాట్లాడేది జర్మను భాషలోని ఒక కొండ మాండలికం. ‘బాడ్’ అంటే స్నానము. అదే సీమలో దిగువన ఉండే ఫ్రెంచివారు ఈ ఊరిని లోయెష్ లే బేఁ అంటారు. అందులోనూ స్నానమే ఉన్నది. ఊరి కథ అంతా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నది కనుక, పేరు పెట్టినవారు మాటల పొదుపు తెలిసినవారని ఒప్పుకోవాలి.

ఊరిలోనూ, ఊరి ప్రక్కన దాలా అనే ఏరు కోసిన ఇరుకు లోయలోనూ వేడినీటి బుగ్గలు అనేకం ఉన్నవి. వాటిలో పెద్దది సెయింట్ లారెన్స్ పేరు గలది. దాని నీరు 51 డిగ్రీల వేడితో పైకి వస్తుంది. బుగ్గలన్నీ కలిసి రోజుకు సుమారు 39 లక్షల లీటర్ల నీరు పోస్తాయి. బదరీనాథ్ వెళ్లిన మన యాత్రికులు తప్తకుండంలో మునిగి, ఈ మంచుకొండల నడుమ ఇంత వేడి ఎక్కడిదని ఆశ్చర్యపడడం కద్దు. అది అగ్నిదేవుని నివాసమని అక్కడ చెబుతారు. లాయ్కర్‌బాడ్ వద్ద అగ్నిపర్వతమూ లేదు, అటువంటి ఐతిహ్యము అవసరమూ లేదు. పైకొండల మీద కురిసిన వాన, కరిగిన మంచు రాతి నెఱ్ఱెలలో ఇంకి, లోలోపలికి దిగి, సముద్రమట్టానికి కూడా దిగువకు పోతుంది. భూమిలో కిలోమీటరు లోతుకు పోయేకొద్దీ సుమారు 30 డిగ్రీల చొప్పున వేడి హెచ్చుతుంది. ఆ వేడిని పట్టుకొని, దారిలో జిప్సమ్ రాతిని కొంత కరిగించుకొని, వెనుక నుండి వచ్చే నీటి ఒత్తిడికి అది మరల పైకి తన్నుకొని వస్తుంది. ఈ ప్రయాణానికి నలభై ఏండ్లు పడుతుందని ఒక అంచనా. అంటే నేడు ఒక యువకుడు మునిగే నీరు అతని తండ్రి బాల్యంలో కురిసిన మంచు.

అయితే నీటిమీద బ్రతకడమంటే నిజానికి నీటికోసం వచ్చే మనుషుల మీద బ్రతకడమే. తిథి నియమము లేక వచ్చేవాడు అతిథి అని మన పూర్వులు ఆ పదానికి వ్యుత్పత్తి చెప్పినారు. ఆ లెక్కన లాయ్కర్‌బాడ్ పోషించుకొన్నవారు అతిథులు కారు. వైద్యుడు చెప్పిన ఋతువులో వచ్చి, చెప్పినన్ని వారాలుండి, లెక్క చెల్లించి వెళ్లేవారు. అటువంటివారికి ఊరు శతాబ్దాలుగా అలవాటు పడినది. తిథివార నక్షత్రాలతో పని లేక వచ్చినవాడు ఒకడున్నాడు. అతని సంగతి రావలసిన చోట వస్తుంది.

రోమను కాలంలోనే ఇక్కడ మనుషులు ఉండేవారని త్రవ్వకాలలో బయటపడిన సమాధులు చెబుతున్నవి. ఊరికి స్నానక్షేత్రమనే పేరు నిలబడినది మాత్రము 16వ శతాబ్ది ఆరంభంలో. మత్తయిస్ షీనర్ అనే మతాచార్యుడు, తరువాత కార్డినల్ పదవి నందినవాడు, స్నానాల హక్కులు సంపాదించి, విడుదులు కట్టించి, ఊరి పేరు దూరదేశాలకు తెలిసేటట్లు చేసినాడు. మతాచార్యుడే అయినా వ్యాపారపు మెలకువ తెలిసినవాడు.

పూర్వపు చికిత్స ఓపికకు పరీక్ష. కీళ్లవాతము, చర్మవ్యాధులు గలవారు మూడు నాలుగు వారాలు ఇక్కడ మకాము వేసేవారు. మొదటి రోజున అరగంట, మరునాడు మరికొంత, అట్లు పెంచుకొంటూ పోయి ఎనిమిది గంటల దాకా నీటిలోనే కూర్చొనేవారు. ఒంటినిండా దద్దు లేచేది. అది లేచినదంటే మందు పని చేసినదని గుర్తు! తరువాత మరల గంటలు తగ్గించుకొంటూ వచ్చేవారు. స్త్రీలు, పురుషులు పొడుగాటి ముతక ఉన్ని అంగీలు తొడుగుకొని, ఒకే తొట్టిలో గడ్డము దాకా నీటిలో కూర్చొనేవారు. అంతసేపు ఊరకే కూర్చొనడం ఎవరి తరము? అందుచేత నీటిమీద తేలే చిన్న చిన్న చెక్కబల్లలు ఏర్పాటు చేసుకొన్నారు. ఆ బల్లల మీద కాఫీగిన్నె, వార్తాపత్రిక, చదరంగపు పలక. చూడవచ్చినవారు గట్టున నిలబడి మాట్లాడిపోయేవారు. అమెరికా హాస్య రచయిత మార్క్ ట్వేన్ 1878లో గెమ్మి కనుమ దిగి ఈ ఊరు వచ్చినాడు. రెండేండ్ల తరువాత అచ్చయిన తన యాత్రాగ్రంథంలో నీటిమీద వరుసగా కనిపించే ఈ తలకాయల సభను తనదైన ధోరణిలో వర్ణించినాడు. ట్వేన్ నవ్వులాటలో ఒకటి మరచిపోరాదు. ఆ తొట్టిలో ఉన్నవారిలో చాలమంది తమ ఊళ్లలో నడవలేక, పదిమందిలోకి రాలేక మూలనున్నవారు. ఇక్కడ అందరూ రోగులే కనుక ఎవరికీ సిగ్గు లేదు.

గెమ్మి కనుమ అన్నాను. అది ఊరికి ఉత్తరాన, 2,300 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే ఊరి నెత్తిమీద తొమ్మిది వందల మీటర్ల రాతిగోడ. క్రింద నుండి చూచినవాడు దానిలో దారి ఉన్నదంటే నమ్మడు. 1739 మొదలు 1741 వరకు టిరోల్ దేశపు కూలీలు ఆ గోడలోనే మెలికలు మెలికలుగా బాట తొలిచినారు. ఉత్తరాన బెర్న్ సీమ నుండి వచ్చే రోగులను కుర్చీలలో కూర్చోబెట్టి, మనుషులు భుజాలకెత్తుకొని ఈ బాటన దించేవారు. 1861లో ఒక ఫ్రెంచి ప్రభుపత్ని సవారీలో జారి లోయలో పడి మరణించింది. ఆమె పేరు యాత్రికుల గ్రంథాలకెక్కింది. మోసినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. నడవలేనివారు నడక నేర్చుకొనడానికి వస్తూ ఉంటే, వారిని మోసి మోసి తమ మోకాళ్లు అరగదీసుకొన్నవారు ఆ బుగ్గలలో ఎన్ని గంటలు కూర్చొన్నారో ఎవరూ వ్రాసిపెట్టలేదు.

పొరుగున అల్బీనెన్ అనే మరొక పల్లె ఉన్నది. దానికీ లాయ్కర్‌బాడ్‌కూ నడుమ ఎత్తైన బండ. అల్బీనెన్ వారు ఆ బండకు కొయ్యనిచ్చెనలు ఆనించి, సరుకులు వీపున కట్టుకొని, ఒక నిచ్చెన నుండి మరొక నిచ్చెనకు మారుతూ స్నానాల ఊరికి వచ్చేవారు. ఆ నిచ్చెనలు నేటికీ ఉన్నవి. ఇప్పుడు సరదాకు ఎక్కేవారే ఎక్కువ. అల్బీనెన్ సంగతి మరల వస్తుంది.

కొండ అన్నము పెడుతుంది, అప్పుడప్పుడు ప్రాణాలూ అడుగుతుంది. 1719 జనవరి 17న మంచుచరియ విరిగి ఊరిమీద పడినది. ఇండ్లు, విడుదులు, స్నానశాలలు తుడుచుకొనిపోయినవి. యాభైమందికి పైగా చనిపోయినారు. అంత చిన్న ఊరిలో అన్ని ప్రాణాలు పోతే మిగిలినవారు వేరొక తావు వెదుక్కొనవచ్చును. వారు వెళ్లలేదు. వెళితే బుగ్గలు వెంట రావు గదా. అక్కడే మరల కట్టుకొన్నారు.

ఈ కొండల ఏకాంతము ఎటువంటిదో తెలియాలంటే మొపాసా వ్రాసిన ‘సత్రము’ అనే కథ చదవాలి. ఆయన 1877లో చికిత్సకై లాయ్కర్‌బాడ్‌లో కొంతకాలమున్నాడు. 1886లో వెలువడిన ఆ కథకు గెమ్మి దారిలోని ష్వారెన్‌బాఖ్ అనే నిజమైన సత్రమే రంగస్థలము. మంచు పడగానే సత్రపు యజమాని కుటుంబము క్రింది ఊరికి దిగిపోతుంది. కావలికి ముసలి మార్గదర్శకుడు, ఒక పడుచువాడు, ఒక కుక్క మిగులుతారు. ముసలివాడు వేటకు పోయి తిరిగి రాడు. రాత్రి పిలుపు వినిపించినట్లై పడుచువాడు భయంతో తలుపులు బిగించుకొంటాడు. వసంతంలో యజమాని వచ్చి తలుపు పగులగొట్టేసరికి మిగిలినది మతి చెడి, తల నెరిసిన మనిషి. కొండ సౌందర్యాన్ని పొగడిన రచయితలు వందలమంది. ఆ సౌందర్యం నడుమ శీతకాలము గడపడమంటే ఏమిటో పట్టుకొన్నవారు తక్కువ. కోనన్ డాయిల్ కూడా 1893 నాటి కథలో షెర్లాక్ హోమ్స్‌ను ఇదే కనుమ మీదుగా నడిపించి, ప్రక్కకు ఒక బండను దొర్లించినాడు. పిల్లలకు ఆ కథ తెలుసు. మొపాసా కథ కూడా తెలియవలసినది.

1915లో లాయ్క్ నుండి ఊరికి పళ్లపట్టాల రైలు వచ్చినది. కుర్చీలు మోసేవారి కాలం దానితో ముగిసింది. 1967లో ఆ రైలును కూడా తీసివేసి బస్సు వేసినారు. రైలూ బస్సూ వచ్చినా ఊరి స్వభావము చాలకాలము మారలేదు. వేసవిలో రోగులు, శీతకాలంలో మూసిన తలుపులు.

అట్లా తలుపులు మూసి ఉన్న కాలంలో వచ్చినాడు తిథి లేని మనిషి. ఆయన పేరు జేమ్స్ బాల్డ్విన్. 1924లో న్యూయార్కు నగరపు హార్లెమ్‌లో, నల్లవారి పేటలో పుట్టినాడు. ఆ దేశంలో బ్రతకలేక, వ్రాయలేక 1948లో పారిస్ చేరినాడు. చేతిలో డబ్బు లేదు, ఆరోగ్యము లేదు, మొదలుపెట్టిన నవల ముగియదు. పారిస్‌లో పరిచయమైన ఒక స్విస్ మిత్రుని కుటుంబానికి లాయ్కర్‌బాడ్‌లో ఒక కొయ్య ఇల్లున్నది. 1951 వేసవిలో ఒకసారి, మరల ఆ శీతకాలంలో బాల్డ్విన్ ఆ ఇంటికి వచ్చి చేరినాడు. వెంట తెచ్చుకొన్న ఆస్తి ఒక టైపు మిషను, బెస్సీ స్మిత్ పాడిన రెండు గ్రామఫోను రికార్డులు. ఆ నల్లజాతి గాయని గొంతు వింటూ, తన ఇంటిలో చిన్ననాడు వినిన మాటల లయను జ్ఞాపకము చేసుకొని, మంచు నడుమ నవల ముగించినాడు. 1953లో అచ్చయిన ఆ నవల పేరు ‘గో టెల్ ఇట్ ఆన్ ది మౌంటెన్’, కొండమీదికి పోయి చాటుము అని అర్థము. ఒక భక్తిగీతము నుండి తీసుకొన్న పేరు అది. కొండమీదనే పూర్తికావడం యాదృచ్ఛికము.

ఆనాటి లాయ్కర్‌బాడ్ జనాభా ఆరువందలు. సినిమాహాలు లేదు, బ్యాంకు లేదు, గ్రంథాలయము లేదు. టైపు మిషను చూడనివారు అనేకులు. నల్లని మనిషిని అంతకు ముందు ఎవరూ చూడలేదు. వీధిలో అతడు కనబడగానే పిల్లలు ‘నేగెర్! నేగెర్!’ అని కేకలు వేసేవారు. కొందరు జుట్టు ముట్టి చూచేవారు. కొందరు చేతిమీద చేయి వేసి రంగు అంటలేదేమని విస్తుపోయేవారు. జుట్టు పెంచి చలికోటు కుట్టించుకోరాదా అని ఛలోక్తులు. రెండవసారి, మూడవసారి వచ్చినా ఊరంతా పేరు తెలిసిన పిమ్మట కూడా అతడు వింతగానే మిగిలినాడు. స్నేహంగా పలుకరించినవారున్నారు, వెనుక నుండి కట్టెలు దొంగిలించినాడని నింద వేసినవారూ ఉన్నారు.

పండుగ రోజులలో మరొక వేడుక. ఇద్దరు పిల్లలు ముఖాలకు నల్లరంగు పూసుకొని, గుఱ్ఱపు వెంట్రుకల టోపీలు పెట్టుకొని, ఆఫ్రికాలో మతప్రచారానికి చందాలు వసూలు చేసేవారు. ఒక పానశాల యజమాని భార్య బాల్డ్విన్‌తో, కిందటి ఏడు మన ఊరు ఆరుగురో ఎనమండుగురో ఆఫ్రికావారిని ‘కొన్నది’ అని ఎంతో సంతోషంగా చెప్పినదట. ఆమె భావము వారి ఆత్మలకు మోక్షము కొని పెట్టినామని. వినేవాని తాతముత్తాతలు నిజంగానే సంతలో కొనబడినవారని ఆమెకు తోచలేదు. ఆమె ముఖంలోని ప్రసన్నతను చూచి అతడు ఆశ్చర్యమూ సంతోషమూ వెలిబుచ్చినాడు. తెల్లవారిని ఏనాడూ క్షమించలేకపోయిన తన తండ్రి అతనికి ఆ క్షణంలో జ్ఞాపకము వచ్చినాడు.

ఇదంతా ‘పల్లెలో పరాయివాడు’ అనే వ్యాసంగా 1953 అక్టోబరులో హార్పర్స్ పత్రికలో వచ్చినది. ఆంగ్ల సాహిత్యంలో ఇరవయ్యవ శతాబ్దపు గొప్ప వ్యాసాలలో దానిని లెక్కిస్తారు. ఆ గొప్పతనము ఫిర్యాదులో లేదు. ఊరివారికి తనమీద పగ లేదని, కావాలని నొప్పించినవారు అరుదని బాల్డ్విన్ మొదటనే ఒప్పుకొంటాడు. కష్టమంతా అక్కడనే ఉన్నది. పగబట్టినవానితో పోరాడవచ్చును, చిరునవ్వుతో మనలను మనిషిగా చూడడం మరచిపోయినవానితో ఏమని పోరాడుతాము? క్రొత్తగా బడిలో చేరిన పిల్లవాని యాసకు తరగతి అంతా నవ్వినప్పుడు నవ్వినవారిలో ఒక్కరికీ ద్వేషము లేకపోవడం మనకు తెలియనిది కాదు. ఆ పిల్లవాడు ఆ రాత్రి నిద్రపోలేదన్నదీ నిజమే.

వ్యాసంలో బాల్డ్విన్ ఒక పోలిక తెస్తాడు. తెల్లవాడు మొదటిసారి ఆఫ్రికా పల్లెలో అడుగుపెట్టినప్పుడు కూడా అక్కడివారు ఇట్లనే వింతగా చూచి ఉంటారు. అయితే ఆ చూపును అతడు తనకు చెల్లించిన కానుకగా స్వీకరించినాడు. గెలుచుకొనడానికే వచ్చినాడు కనుక. తానో, ఏమీ గెలుచుకొనదలచి రాలేదు. పైగా ఈ ఊరిలో అక్షరము రాని ముసలిదానికి కూడా దాంతేతో, షేక్స్పియరుతో, గోపురాలు గల మహాదేవాలయాలతో తనకు లేని చుట్టరికమున్నదని అతని బాధ. అక్కడ నుండి చూపు అమెరికా వైపు మళ్లుతుంది. ఆల్ప్సు పల్లెవాడు నల్లవానిని ఎరుగనని అనవచ్చును, అమెరికా తెల్లవాడు అనలేడు; మూడువందల ఏండ్లుగా ఒకే గడపలో ఉన్నవారు పరాయివారెట్లా అవుతారన్నది వ్యాసంలోని పట్టు. మంచుపల్లెను వర్ణించడానికి కూర్చొన్నట్లు మొదలైన రచన తన దేశాన్ని నిలదీసి ముగుస్తుంది. విహారస్థలాల మీద వ్రాసేవారికి ఇది మంచి పాఠ్యము. పోయిన చోటును చూడడమొక్కటే కాదు, ఆ చోటు మనలను ఎట్లా చూచినదన్నది కూడా యాత్రావృత్తాంతమే. 1962లో స్విస్ టెలివిజనువారి చిత్రంకోసం బాల్డ్విన్ మరల ఆ ఊరు వెళ్లి, అవే వీధులలో నడచినాడు.

బాల్డ్విన్ చూచిన మూసిన తలుపుల ఊరు తరువాతి దశాబ్దాలలో తెరుచుకొన్నది. 1957లో గెమ్మి పైకి తీగబండి వచ్చినది. ఎదురు కొండమీద మంచుజారుడు ఆటలు వచ్చినవి. శీతకాలము కూడా ఆదాయమిచ్చే ఋతువైనది. ముతక అంగీలు పోయి, ఆరుబయట నీలపు కొలనులో మంచును చూస్తూ ఈదే స్నానాలు వచ్చినవి. రోగి పోయి విహారి వచ్చినాడు. రోగికి బుగ్గ చాలును. విహారికి ఎంత కట్టినా చాలదు. 1980ల నుండి గ్రామ పరిపాలకులు కట్టడం ప్రారంభించినారు. క్రొత్త స్నానశాలలు, క్రీడాభవనము, నూతన గ్రామ కార్యాలయము, కార్లు నిలిపే పెద్ద కట్టడము. అన్నిటికీ అప్పే ఆధారము. స్విస్ గ్రామానికి అప్పివ్వడమంటే ప్రభుత్వానికిచ్చినట్లేనని, అసలుకు మోసము రాదని బ్యాంకులవారు భావించేవారు. అడిగినంత ఇచ్చినారు.

1998లో గుట్టు బయటపడినది. గ్రామమూ, దాని చేతిలోని సంస్థలూ కలిసి తీర్చవలసిన అప్పు 34 కోట్ల 60 లక్షల ఫ్రాంకులు. ఊరి జనాభాతో భాగిస్తే తలకు రెండు లక్షల ఫ్రాంకుల పైమాటే, పాలు త్రాగే బిడ్డతో సహా. స్విట్జర్లండు వంటి దేశంలో ఒక గ్రామము దివాలా తీయడమనేది అప్పటిదాకా ఎవరూ ఊహించనిది. వాలిస్ రాష్ట్ర ప్రభుత్వము గ్రామ పరిపాలనను తన పర్యవేక్షణలోకి తీసుకొన్నది. మీరు పై అధికారులు గదా, చూస్తూ ఊరకున్నారు, మీరే చెల్లించండని అప్పులవారు రాష్ట్రముపై వ్యాజ్యము వేసినారు. 2003లో దేశపు సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రానికి ఆ బాధ్యత లేదని తీర్పు చెప్పినది. అప్పులవారు పెద్దభాగము వదులుకొనవలసివచ్చినది. అప్పటి గ్రామాధ్యక్షునికి న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది.

ఒక్క మనిషిని దోషిగా నిలిపి చేతులు దులుపుకొనడం సులభము. కాని ఆ కట్టడాలకు చేతులెత్తి ఓటు వేసినవారు, వాటిలో ఉద్యోగాలు చేసినవారు, అప్పిచ్చి వడ్డీ లెక్కపెట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు. 1719లో ఊరిమీద మంచు పడినది. ఈసారి పడినది ఊరివారు తామే పేర్చుకొన్న కొండ. రెండుసార్లూ ఊరు మరల నిలిచినదంటే కారణము ఒక్కటే: అప్పులవారు కట్టడాలను తీసుకొనగలరు గాని 51 డిగ్రీల నీటిని మరొక చోటికి తీసుకొనిపోలేరు.

అప్పుల గొడవ బయటపడటానికి రెండేండ్లు ముందు, 1996లో, ఆ ఊరిలో ఒక సాహిత్యోత్సవము ప్రారంభమైనది. ప్రతి వేసవిలోనూ అనేక దేశాల రచయితలు వచ్చి హోటళ్లలో, తోటలలో తమ రచనలు చదివి వినిపిస్తారు. అర్ధరాత్రి గెమ్మి కనుమ మీద కూడా పఠనము జరుగుతుంది. శ్రోతలు తీగబండిలో పైకి పోతారు. దివాలాలో కొట్టుకొనిపోవలసిన ఉత్సవము నిలిచి, నేటికీ జరుగుతున్నది. ఒకనాడు గ్రంథాలయము లేని ఊరు, టైపు మిషనును వింతగా చూచిన ఊరు.

బాల్డ్విన్ జాడ వెదుక్కొంటూ వచ్చినవారిలో ముఖ్యుడు టేజు కోల్. అమెరికాలో పుట్టి నైజీరియాలో పెరిగిన రచయిత. బాల్డ్విన్ జీవించి ఉంటే తొంబది ఏండ్లు నిండే రోజున, 2014 ఆగస్టు 2న, ఆయన లాయ్కర్‌బాడ్‌లో ఉన్నాడు. ఆ నెలలోనే న్యూయార్కర్ పత్రికకు ఒక వ్యాసము వ్రాసినాడు. పిల్లలెవరూ కేకలు వేయలేదు. అప్పుడప్పుడొక చూపు తగిలినది, అంతే. వీధిలో వినిపించే పాటలు నల్లజాతి గాయకులవి. ఆరువందల ఏకాంతవాసుల ఊరు ప్రపంచాన్ని ఎరుగుదునని చెప్పుకొనే స్థితికి వచ్చినది. కాని అదే ఆగస్టులో అమెరికాలోని ఫెర్గూసన్‌లో నిరాయుధుడైన నల్లజాతి యువకుడొకడు పోలీసు కాల్పులలో చనిపోయినాడు. బాల్డ్విన్ మంచుపల్లెలో కూర్చొని నిలదీసిన దేశము అరువది ఏండ్ల పిమ్మటా జవాబు చెప్పలేదని కోల్ గ్రహించినాడు.

ఒక చోట మాత్రము కోల్ గురువుతో విభేదిస్తాడు. దాంతే, రెంబ్రాంటు ఆ పల్లెవారికి చుట్టాలు, నాకు కారు అన్న బాధను ఆయన అంగీకరించడు. ఆ చిత్రాలూ తనవే, యొరుబా కవిత్వమూ తనదే, ఒకటి కావాలంటే మరొకటి వదలనక్కరలేదంటాడు. నాకు కోల్ వాదమే రుచిస్తుంది. సంస్కృతి పుట్టిన ఊరివారి సొత్తయితే మొపాసా కథకు తెలుగు విద్యార్థి కన్నీరు పెట్టనవసరము లేదు. అయితే తన ముత్తాతల పేర్లే చెరిపివేయబడిన బాల్డ్విన్‌కు, లాగోసులో మాతృభాష వింటూ పెరిగిన కోల్‌కు కాళ్ల క్రింది నేల ఒకటి కాదు. ఆ సంగతి మరచి ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పేవారితో నాకు పేచీ. విద్యార్థులు రెండు వ్యాసాలనూ ప్రక్క ప్రక్కన పెట్టి చదివితే బాగుండును.

నేడు లాయ్కర్‌బాడ్‌కు వచ్చినవారు దాలా లోయలో బండలకు బిగించిన ఆరువందల మీటర్ల ఇనుపబాట మీద నడచి, క్రింద వేడిబుగ్గలు పొగలు గ్రక్కుతూ ఏటిలో కలియడం చూడవచ్చును. జూలై చివర గెమ్మి మీది దౌబెన్ సరస్సు గట్టున గొఱ్ఱెల కాపరుల పండుగ జరుగుతుంది. వాలిస్ వారు, బెర్న్ వారు కనుమకు రెండు ప్రక్కల నుండి వచ్చి కలుసుకొంటారు. కొండదిగి వచ్చే గొఱ్ఱెల మందను చూడడానికి జనము మూగుతారు.

ఇక అల్బీనెన్. నిచ్చెనలెక్కి స్నానాల ఊరికి సరుకులు మోసిన పల్లె. అక్కడ బుగ్గలు లేవు. పడుచువారు వెళ్లిపోయినారు, బడి మూతపడినది, జనాభా రెండువందల నలభైకి దిగినది. 2017 నవంబరులో గ్రామసభ కూడి ఒక తీర్మానము చేసినది. వచ్చి స్థిరపడేవారికి పెద్దలకు తలకు 25,000 ఫ్రాంకులు, పిల్లలకు తలకు 10,000 ఫ్రాంకులు గ్రామమే ఇస్తుంది. నలభై అయిదేండ్లలోపు వయస్సుండాలి. ఇల్లు కట్టడానికో కొనడానికో రెండు లక్షల ఫ్రాంకులు వెచ్చించాలి. పదేండ్లు అక్కడే కాపురముండాలి. వార్త బయటికి పొక్కగానే ప్రపంచము నలుమూలల నుండి మేము వస్తాము, మేము వస్తామని విచారణలు వచ్చి పడినవి. గ్రామమువారు కంగారుపడి వివరము ప్రకటించవలసివచ్చినది: ఈ ఆహ్వానము స్విస్ పౌరులకు, ఆ దేశంలో శాశ్వత నివాసపు అనుమతి గలవారికి మాత్రమే.